టీవీ గేమ్ లైట్ గన్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీది పెట్టెలో పాత కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషిన్) దొరుకుతుంది, దాంతో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకీ, అదే లైట్ గన్. ఉత్సాహంగా టీవీకి తగిలిస్తారు. ఎంత కాల్చినా ఒక్కటీ తగలదు. అక్కణ్ణుంచి నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకే జవాబు మళ్లీ మళ్లీ టైప్ చేయలేక ఇలా ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## అసలు ఇదెలా పనిచేస్తుంది?

గన్‌లోంచి లైట్ బయటికి వస్తుందా? మరి నాకు కనబడదేం?

రాదు కాబట్టే కనబడదు. ఈ తికమకంతా పేరు వల్ల వచ్చింది. గొట్టం లోపల ఒక లెన్స్, దాని వెనక వెలుతురును పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటాయి, అంతే. వెలుతురు గన్ నుంచి టీవీకి పోదు, టీవీ నుంచి గన్‌లోకి వస్తుంది. మీరు ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో గన్ ఎదురుగా ఉన్న స్క్రీన్‌ను చూస్తుంది, చూసింది వైరు ద్వారా కన్సోల్‌కి చెబుతుంది. మీరు కాల్చినట్టు టీవీకి ఎప్పటికీ తెలియదు. అందుకే ఈ గన్ సగం చేతిలో, సగం టీవీలో ఉంటుందని అంటుంటాను. టీవీ మారితే సగం గన్ పోయినట్టే.

బాతుల్ని కాల్చే ఆట డక్ హంట్‌లో బాతు తగిలిందని నింటెండో కన్సోల్‌కి ఎలా తెలుస్తుంది?

ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్కసారి మినుకుమనడం గమనించే ఉంటారు. ఆ మినుకులోనే కథంతా ఉంది. మొదట ఒక ఫ్రేమ్, అంటే సెకనులో 60వ వంతు సేపు, స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోతుంది. తర్వాతి ఫ్రేమ్‌లో బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి డబ్బా వస్తుంది, మిగతాదంతా నలుపే. నల్లటి ఫ్రేమ్‌లో చీకటి, తెల్ల డబ్బా ఫ్రేమ్‌లో వెలుతురు చూశానని గన్ చెబితే బాతు కింద పడుతుంది. రెండు బాతులుంటే మొదటిదానికి ఒక ఫ్రేమ్‌లో, రెండోదానికి ఆ తర్వాతి ఫ్రేమ్‌లో డబ్బా వేస్తుంది. వెలుతురు ఏ ఫ్రేమ్‌లో కనబడిందో ఆ బాతు తగిలినట్టు.

గన్‌ను బల్బు వైపు తిప్పి మోసం చేద్దామంటే ఆ నల్లటి ఫ్రేమ్ దగ్గరే దొరికిపోతారు. ఆ ఫ్రేమ్‌లో వెలుతురు కనబడకూడదు మరి. పైగా పిక్చర్ ట్యూబ్ గీతలు గీసే వేగంతో, అంటే సెకనుకు సుమారు 15 వేల సార్లు, మినుకుమనే వెలుతురునే పట్టించుకునేలా జాపర్‌లోని (నింటెండో గన్ పేరు అదే) సర్క్యూట్‌ను అమర్చారు. మామూలు బల్బు దానికి లెక్కలోకి రాదు.

ఒక సంగతి ఏంటంటే, మీరు స్క్రీన్‌లో ఏ మూలకి కాల్చారో ఆటకు తెలియనే తెలియదు. తగిలిందా, లేదా అన్నదొక్కటే. వెంట్రుకవాసిలో తప్పినా, గోడను కాల్చినా దానికి ఒకటే.

మిగతా కన్సోల్స్ గన్‌లు కూడా ఇలాగే పనిచేస్తాయా?

లేదు. సేగా మాస్టర్ సిస్టమ్‌కి వచ్చిన లైట్ ఫేజర్, సూపర్ నింటెండో వాళ్ల సూపర్ స్కోప్, ప్లేస్టేషన్‌కి నామ్‌కో చేసిన గన్‌కాన్, ఇవన్నీ స్క్రీన్‌లో ఏ చోటికి గురిపెట్టారో కూడా కనిపెడతాయి.

పిక్చర్ ట్యూబ్ టీవీ బొమ్మను ఒకేసారి చూపించదు. లోపలి ఎలక్ట్రాన్ పుంజం పై మూల నుంచి మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీసుకుంటూ కిందికి వస్తుంది. ఒక గీతకు పట్టేది సుమారు 64 మైక్రోసెకన్లు. గన్ చూస్తున్న చోటికి పుంజం రాగానే అక్కడ తళుక్కుమంటుంది, సెన్సర్ వెంటనే కన్సోల్‌కి కబురు పంపుతుంది. గీయడం మొదలుపెట్టి ఎంతసేపైందో కన్సోల్‌కి తెలుసు కాబట్టి, ఎన్నో గీత, అందులో ఎంత దూరం అన్నది లెక్క కట్టేస్తుంది. గోడ మీద, కిటికీ అద్దం మీద, మీరు కాల్చిన చోటల్లా బుల్లెట్ గుర్తు పడే ఆటలు ఈ పద్ధతి వల్లే వచ్చాయి.

మొట్టమొదటి లైట్ గన్ నింటెండో జాపరేనా?

కాదు. ఇంటి కన్సోల్స్‌లో ఆ ఘనత 1972 నాటి మాగ్నావాక్స్ ఒడిస్సీది. దానితో ఆడే పొడవాటి రైఫిల్ విడిగా అమ్మేవాళ్లు. దాన్ని తయారుచేసి ఇచ్చింది మళ్లీ నింటెండోయే! అప్పటికే 1970 నుంచి జపాన్‌లో వాళ్లు వెలుతురుతో పనిచేసే బొమ్మ తుపాకులు అమ్ముతున్నారు. ఆ ఒడిస్సీ రైఫిల్‌ని మాత్రం మోసం చేయడం చాలా తేలిక. వెలుగుతున్న బల్బు వైపు తిప్పి నొక్కినా తగిలిందనేది.

ఆర్కేడ్‌లో, అంటే నాణెం వేసి ఆడే మెషిన్లలో, ఆపరేషన్ వుల్ఫ్ ఆట గన్ కూడా ఇదేనా?

చూడ్డానికే గన్. 1987లో వచ్చిన ఆ మెషిన్‌లో తుపాకీ స్టాండుకి బిగించి ఉంటుంది. ఎటు తిప్పారో కొలిచేవి లోపలున్న పొటెన్షియోమీటర్లు, రేడియో వాల్యూమ్ బటన్ లాంటివి. అంటే తుపాకీ వేషంలో ఉన్న జాయ్‌స్టిక్ అన్నమాట. వెలుతురుతో దానికి పనే లేదు.

## కొనే ముందు

మా ఇంట్లో ఉన్నది ఎల్‌ఈడీ టీవీ ఒక్కటే. పాత గన్ కొనొచ్చా?

షోకేస్‌లో పెట్టుకోడానికైతే కొనండి. ఆడడానికైతే వద్దు.

ఈ పాఠం నేను ఒక సాయంత్రం పోగొట్టుకుని నేర్చుకున్నాను. సెకండ్ హ్యాండ్‌లో జాపర్ తెచ్చి ఫ్లాట్ టీవీకి పెట్టాను. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ స్క్రీన్ మెరిసేది, బాతులు మాత్రం హాయిగా ఎగిరిపోయేవి, ఆటలోని కుక్క గడ్డిలోంచి లేచి పళ్లికిలించేది. అమ్మినాయన పాడైన గన్ అంటగట్టాడని తిట్టుకున్నాను. స్క్రూలు విప్పాను, లెన్స్ తుడిచాను, వైర్లు కదిపి చూశాను, మళ్లీ బిగించాను. ఫలితం సున్నా. రెండు రోజుల తర్వాత తెలిసినవాళ్లింట్లో మూల పడి ఉన్న పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి పెడితే మొదటి దెబ్బకే బాతు పడింది. గన్‌కి ఏ రోగమూ లేదు.

కారణాలు రెండు. కొత్త టీవీలు ఫ్రేమ్ మొత్తాన్ని ముందు మెమరీలోకి తీసుకుని, సైజు మార్చి, రంగులు సరిచేసి, ఆ తర్వాతే చూపిస్తాయి. ఈలోపు కొన్ని ఫ్రేముల ఆలస్యం జరిగిపోతుంది. తెల్ల డబ్బా కోసం కన్సోల్ ఎదురుచూసే ఆ ఒక్క ఫ్రేమ్ సమయంలో టీవీ ఇంకా పాత బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. రెండోది, ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ స్క్రీన్లలో వెలుతురు నిలకడగా ఉంటుంది. గీత తర్వాత గీత తళుక్కుమనడం ఉండదు. గన్ వెతికేదేమో ఆ తళుకునే. ఓఎల్‌ఈడీ అయినా ఫలితం ఇంతే.

పిక్చర్ ట్యూబ్ టీవీ అయితే ఏదైనా సరిపోతుందా?

దాదాపుగా. కానీ రెండు రకాలకు దూరంగా ఉండండి. ముందు భాగం మీద 100 హెర్ట్జ్ అని రాసి ఉండే ఖరీదైన మోడల్స్ బొమ్మను లోపల దాచుకుని రెట్టింపు వేగంతో గీస్తాయి. గన్ లెక్క అక్కడే తప్పుతుంది. వెనక నుంచి తెర మీద ప్రొజెక్ట్ చేసే పెద్ద సైజు టీవీలు కూడా పనికిరావు. సైజు చిన్నదైనా మామూలు 50 లేదా 60 హెర్ట్జ్ టీవీయే మేలు. జనం వద్దని వదిలేసేవి కూడా అవే.

ఒక కన్సోల్ గన్ ఇంకో దానికి పెట్టుకోవచ్చా?

పెట్టలేం. ప్లగ్ పట్టినంత మాత్రాన పని చేస్తుందని అనుకోవద్దు. ఒకే కన్సోల్‌లో కూడా పేచీ ఉంది. మొదటి ప్లేస్టేషన్‌కి నామ్‌కో గన్‌కాన్ ఒకటి, కొనామీ జస్టిఫయర్ ఒకటి వచ్చాయి. రెండూ ఒకే సాకెట్‌లో దూరతాయి కానీ కన్సోల్‌తో మాట్లాడే పద్ధతులు వేరు. గన్‌కాన్ కోసం చేసిన టైమ్ క్రైసిస్ అనే ఆట జస్టిఫయర్‌ను గుర్తించదు. కొన్ని ఆటలు రెండింటినీ ఒప్పుకుంటాయి. ఆట అట్టపెట్టె వెనక ఏ గన్ బొమ్మ ఉందో చూసి కొనడం క్షేమం.

జాపర్ బూడిద రంగుది మంచిదా, నారింజ రంగుదా?

ఆడడంలో ఏ తేడా లేదు. అమెరికాలో 1985లో వచ్చింది బూడిద రంగు. బొమ్మ తుపాకులు నిజమైన వాటిలా కనబడి ప్రమాదాలు జరుగుతున్నాయన్న ఆందోళనతో 1980ల చివర్లో అక్కడ నిబంధనలు మారాయి, రంగు నారింజ అయింది. జపాన్‌లో ఫామికామ్‌కి (అక్కడ ఇదే నింటెండో కన్సోల్ పేరు) 1984లో వచ్చినదైతే అచ్చం నల్ల రివాల్వర్‌లా ఉంటుంది. అలాంటిది చేతిలో ఉంటే వీధిలోకి పట్టుకెళ్లకండి. దూరం నుంచి చూసేవాళ్లకి అది బొమ్మని తెలియదు.

సెకండ్ హ్యాండ్ గన్ చేతికిస్తే ఏమేం చూడాలి?

ముందు మెల్లగా ఊపండి. లోపల గలగలమంటే ఏదో విరిగి తిరుగుతోందని అర్థం. జాపర్‌కి ట్రిగ్గర్ లోపలి స్ప్రింగ్ గట్టిగా టక్కుమంటుంది, ఆ చప్పుడు మామూలే. గొట్టంలోకి టార్చి వేసి లెన్స్ మీద బూజు, గీతలు ఉన్నాయేమో చూడండి. కేబుల్ గన్‌లోకి దూరే చోట నొక్కి చూడండి, ఎక్కువ గన్‌లు తెగేది అక్కడే. సూపర్ స్కోప్ అయితే సెల్స్ పెట్టే గూడు తెరవకుండా డబ్బులివ్వద్దు. దానికి ఆరు పెన్ సెల్స్ కావాలి. ఏళ్ల తరబడి అందులోనే వదిలేసిన సెల్స్ కారిపోయి పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. టీవీ మీద పెట్టే దాని రిసీవర్ కూడా ఇస్తున్నారో లేదో అడగండి. అది లేకపోతే మీరు కొన్నది భుజాన పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టం.

## కలిపేటప్పుడు

గన్ ఏ పోర్టులో పెట్టాలి?

నింటెండో ఎన్‌ఈఎస్‌లో జాపర్ రెండో పోర్టుకి, మామూలు కంట్రోలర్ మొదటి దానికి. మెనూలో ఆట ఎంచుకునేది ఆ కంట్రోలర్‌తోనే. సూపర్ స్కోప్ రిసీవర్ కూడా రెండో పోర్టుకే. జపాన్ ఫామికామ్‌లో గన్‌కి ముందువైపున్న 15 పిన్నుల సాకెట్ వాడతారు.

గన్‌కాన్‌కి అదనంగా ఒక పసుపు పిన్ ఉంది. అదెందుకు?

పెట్టకపోతే ఆ గన్ గుడ్డిది. ఎలక్ట్రాన్ పుంజం ఎప్పుడు పై మూలకి వచ్చింది, ఎప్పుడు కొత్త గీత మొదలుపెట్టింది అన్నది గన్‌కాన్ వీడియో సిగ్నల్ నుంచే నేరుగా తెలుసుకుంటుంది. అందుకే కన్సోల్ నుంచి టీవీకి వెళ్లే పసుపు వీడియో వైరుకి మధ్యలో దాని ప్లగ్ గుచ్చాలి. టీవీకి బొమ్మ మామూలుగానే వెళ్తుంది, గన్‌కి కూడా ఒక కాపీ అందుతుంది. ఆడియో జాక్‌లో గుచ్చి గన్ పోయిందనుకున్నవాళ్లు నాకు తెలుసు.

హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొంటే కొత్త టీవీలో పాత గన్ పనిచేస్తుందా?

పనిచేయదు, డబ్బు దండగ. కన్వర్టర్ మార్చేది వైరులో పోయే సిగ్నల్‌ని. గన్‌కి కావలసింది టీవీ అద్దం మీద పుంజం గీసే గీతల తళుకు. ఫ్లాట్ టీవీలో ఆ పుంజమే లేదు. పైగా కన్వర్టర్ తన వంతుగా ఇంకాస్త ఆలస్యం కలుపుతుంది.

ఆట మొదట్లో స్క్రీన్ మధ్యలో కాల్చమంటుంది. వదిలేయొచ్చా?

వదిలేయకండి. టీవీలన్నీ బొమ్మను ఒకే చోట చూపించవు. ఒకదాంట్లో కాస్త ఎడమకి, ఇంకోదాంట్లో కాస్త కిందికి జరిగి ఉంటుంది. మీరు మధ్యలో కాల్చినప్పుడు వచ్చిన లెక్కకీ, అసలు మధ్యకీ ఉన్న తేడాను ఆట గుర్తుపెట్టుకుని తర్వాతి ప్రతి గుండుకీ సర్దుతుంది. నిజంగా ఎక్కడ కూర్చుని ఆడతారో అక్కడి నుంచే, గన్ మీది గురి గాడిలోంచి చూసి కాల్చండి. నిలబడి కాలిబ్రేట్ చేసి కూర్చుని ఆడితే గురి కొద్దిగా తేడా వస్తుంది.

## ఆడేటప్పుడు

గురి సరిగ్గానే పెడుతున్నా. కొన్ని తగులుతాయి, కొన్ని తగలవు. ఎందుకు?

మీ చెయ్యి బాగానే ఉంటే, వెలుతురు చాలడం లేదు. టీవీలో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచండి. ముప్పై ఏళ్ల పిక్చర్ ట్యూబ్ వయసుతో పాటు మసకబారుతుంది, మన కంటికి ఆ తేడా తెలియదు కానీ గన్‌కి తెలుస్తుంది. అద్దం మీద దుమ్ము తుడవండి. కిటికీ వెలుగు అద్దం మీద పడి మెరుస్తుంటే కర్టెన్ వేయండి. చీకటి సీన్లలో, స్క్రీన్ మూలల్లో తగలకపోవడం ఎక్కువ, ఎందుకంటే అక్కడ గన్‌కి అందే వెలుతురే తక్కువ. చాలా ఆటలు ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ మొత్తం తెల్లగా మెరిపించేది ఈ లోటు పూడ్చడానికే.

ఎంత దూరం నుంచి కాల్చాలి?

దూరం పెరిగేకొద్దీ గన్‌కి చేరే వెలుతురు తగ్గుతుంది, చివరికి ఏదీ తగలదు. మరీ దగ్గరికి వెళ్లి గొట్టాన్ని అద్దానికి ఆనిస్తే జాపర్ లాంటి గన్‌తో బాతు తప్పమన్నా తప్పదు. పిల్లలు పెట్టే స్కోర్లన్నీ అవే. గన్ కేబుల్ ఎంత దూరం లాగకుండా వస్తుందో అక్కడ నిలబడితే చాలు.

ఆ మెరుపులు కళ్లకి ప్రమాదమా?

చాలామందికి కాదు, కాస్త అలసట తప్ప. కానీ ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ ఉన్నవాళ్లకి, మెరిసే లైట్ల వల్ల ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లకి ఈ ఆటలు వద్దే వద్దు. పక్కన కూర్చుని చూసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. వచ్చిన అతిథుల చేతికి గన్ ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి.

ఇద్దరం కలిసి ఆడొచ్చా?

కన్సోల్‌ని బట్టి, ఆటను బట్టి. కొనామీ వాళ్ల లీథల్ ఎన్‌ఫోర్సర్స్ ఆటకి వచ్చిన నీలం జస్టిఫయర్‌కి రెండో ఆటగాడి గులాబీ రంగు గన్ నేరుగా తగిలించుకోవచ్చు. డక్ హంట్‌లో గన్ ఒకటే, కానీ ఒక్క బాతు ఉండే ఆటలో రెండోవాళ్లు మామూలు కంట్రోలర్‌తో బాతును అటూ ఇటూ తిప్పి మిమ్మల్ని ఏడిపించొచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. నేనైతే గన్ పట్టుకోవడం కంటే బాతును తిప్పడానికే ఎగబడతాను.

నవ్వే కుక్కను కాల్చొచ్చా?

ఇంటి నింటెండోలో కుదరదు, ఎంత కసి ఉన్నా. ఆర్కేడ్ వెర్షన్ బోనస్ రౌండ్లో మాత్రం అది అడ్డంగా దూకుతుంది, పొరపాటున తగులుతుంది కూడా.

## పాడైతే

గన్ పోయిందా, టీవీ పోయిందా అని ఎలా తేల్చాలి?

ట్రిగ్గర్ నొక్కి స్క్రీన్ వైపు చూడండి. స్క్రీన్ మెరిసిందంటే ట్రిగ్గర్ స్విచ్చి, ఆ స్విచ్చి వైరు, పోర్టు బాగున్నట్టే. అయినా ఏదీ తగలకపోతే అనుమానించాల్సింది లెన్స్, సెన్సర్, టీవీ. అసలు మెరవనే లేదంటే సమస్య ట్రిగ్గర్లోనో, కేబుల్లోనో, పోర్టులోనో ఉంది. అదే పోర్టులో మామూలు కంట్రోలర్ పెట్టి చూస్తే పోర్టు సంగతి తేలిపోతుంది. ఇంకో ఇంట్లో ఇంకో పిక్చర్ ట్యూబ్ టీవీకి పెట్టి చూడకుండా గన్‌ని విప్పకండి.

లెన్స్ ఎలా తుడవాలి?

గన్ రెండు ముక్కలుగా విడిపోతుంది, స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండకపోవచ్చు, ఏది ఎక్కడిదో ఫోటో తీసుకోండి. మూత మెల్లగా ఎత్తండి, స్ప్రింగ్ ఎగిరి సోఫా కిందికి దూరితే ఇక ఆ రోజంతా దాని వేటే. లెన్స్ ప్లాస్టిక్‌ది, గోకితే గీత పడుతుంది. దూది పుల్లకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు. సెన్సర్ గాజు మీదా అంతే.

బొమ్మ మసకగా ఉంది. టీవీ విప్పి సరిచేసుకోవచ్చా?

వద్దు. పిక్చర్ ట్యూబ్‌కి అందేది 20 వేల వోల్టులు, అంతకు పైన కూడా. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ఆ ఛార్జ్ లోపల నిలవ ఉండొచ్చు. గన్ విప్పి తప్పు చేస్తే గన్ పోతుంది, ఇక్కడ ప్రాణం పోతుంది. పాత టీవీలు బాగుచేసే మెకానిక్‌కి ఇవ్వండి.

## కొత్త టీవీలో ఆడాలంటే

నింటెండో వీ (Wii) కన్సోల్ రిమోట్ ఫ్లాట్ టీవీలో ఎలా పనిచేస్తోంది మరి?

అది స్క్రీన్‌ను చూడదు. 2006లో వచ్చిన నింటెండో వీలో, టీవీ దగ్గర పెట్టే సన్నటి బార్‌కి రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు ఉంటాయి. రిమోట్ కొసలోని చిన్న కెమెరా ఆ రెండు చుక్కలు ఎటు జరిగాయో చూసి గురి లెక్క కడుతుంది. సెన్సర్ బార్ అని పేరే కానీ అందులో సెన్సర్ ఏమీ లేదు, వెలగడం ఒక్కటే దాని పని. నమ్మకం లేకపోతే బార్ తీసేసి, అదే ఎడంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి చూడండి, రిమోట్ చక్కగా పనిచేస్తుంది. వెనక కిటికీలోంచి ఎండ పడితే గురి ఎగిరెగిరి పడేది కూడా అందుకే, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. ప్లేస్టేషన్ 3 గన్‌కాన్ కూడా టీవీ మూలల్లో పెట్టే ఇలాంటి ఎల్‌ఈడీలతోనే పనిచేస్తుంది.

కొత్త టీవీల్లో పనిచేసే గన్‌లని సిండెన్, గన్‌4ఐఆర్ అంటున్నారు. ఏది తీసుకోవాలి?

సిండెన్‌లో కెమెరా ఉంటుంది. ఆట చుట్టూ తెల్లటి అంచు గీస్తారు, కెమెరా ఆ దీర్ఘచతురస్రం ఎంత వంకరగా కనబడుతోందో చూసి గురి లెక్క కడుతుంది. టీవీకి ఏమీ అంటించక్కర్లేదు, కానీ ఆ తెల్ల అంచు ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. గన్‌4ఐఆర్‌కి స్క్రీన్ చుట్టూ నాలుగు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు అమర్చుకోవాలి. నాలుగు చుక్కలు ఉండడం వల్ల పక్కకి జరిగి కాల్చినా లెక్క తప్పదు, రెండే చుక్కలున్న వీ రిమోట్‌కి అది చేతకాదు. స్క్రూడ్రైవర్, సోల్డరింగ్ అలవాటుంటే గన్‌4ఐఆర్, లేకపోతే సిండెన్. ఇది నా అభిప్రాయం, తెల్ల అంచు చూడలేనివాళ్లు ఒప్పుకోరు.

రెండింటినీ ఎక్కువమంది వాడేది కంప్యూటర్‌లో ఎమ్యులేటర్‌తో, అంటే పాత కన్సోల్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో. కంప్యూటర్‌కి అవి మౌస్‌లా కనబడతాయి. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయడం మర్చిపోకండి. అది లేకుండా కాలిస్తే మీరు నొక్కాక కాసేపటికి గుండు పేలుతుంది, అప్పటికి టార్గెట్ పక్కకి వెళ్లిపోయి ఉంటుంది.